పడవ బొమ్మ డాలరు

మూడూ ఐదుకి నేను ఆ మేడ ముందు ఆటో దిగాను. నాలుగింటికి సి.ఐ. గారు వస్తారు. మధ్యలో ఉన్న ఆ కాస్త వ్యవధిలో తవిటయ్య దొంగ కాదని తేలకపోతే, ఇరవై ఎనిమిదేళ్ళు మచ్చ లేకుండా కాపలా కాసిన మనిషి దీపాలు పెట్టే వేళకి లాకప్పులో కూర్చుంటాడు. రెండో అంతస్తు ఎక్కడానికే నా మోకాళ్ళు నాలుగు నిమిషాలు తినేశాయి.

నన్ను పిలిచింది అనూరాధ. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పూర్ణా మార్కెట్ వెనక వీధిలో, ఈ మేడ మీద, నాణేలు సేకరించేవాళ్ళ సంఘం ఒకటుంది. దానికి ఆవిడ కార్యదర్శి. నేను హార్బరు వైపు ఒక పోలీసు స్టేషన్లో ఆడవాళ్ళని సోదా చేసే మనిషిగా ముప్ఫై మూడేళ్ళు పనిచేశాను. చదివింది ఐదో తరగతి. పని మానేశాక ఊరికే కూర్చోలేక, పోయిన నగలు, తప్పిపోయిన మనుషులు, దొంగ సంతకాలు, ఇలాంటివి చూసిపెడుతుంటాను. డిటెక్టివ్ అని బోర్డు పెట్టమని గాజువాకలో మా మనవరాలు ఒకటే పోరు. బోర్డు పెడితే దొంగలు కూడా చదువుతారు కదా అని నేను పెట్టలేదు.

మెట్ల మలుపులోనే అనూరాధ నా చెయ్యి పట్టుకుంది.

"నా వల్లే వచ్చింది తాయారమ్మా. నేను నోరు విప్పకపోతే తవిటయ్య ఈ పాటికి ఇంట్లో ఉండేవాడు."

"ఏడుపు తరవాత. ముందు జరిగింది జరిగినట్టు సెప్పండి."

చెప్పింది. రేపు ప్రదర్శన. ఓడరేవుకి పరదేశపు ఓడలు వస్తున్న వారం కనక, 'ఒక దేశం, ఒక డాలరు' అని పేరు పెట్టారు. డాలరు చెలామణీ అయ్యే ప్రతి దేశమూ ఏదో ఒక సందర్భానికి గుర్తుగా వెండి డాలర్లు వేస్తుంది కదా. వాటిలోంచి, చూడగానే ఇదీ ఆ దేశం అనిపించే ఒక్కదాన్ని సంఘం ఎంచాలి. డాలర్లన్నీ త్రినాథరావుగారివి. ఒకప్పుడు లాంచీలు తిప్పి ఓడలకి సరుకులు వేసిన పెద్ద వ్యాపారి. ముప్ఫై ఏళ్ళుగా నావికుల దగ్గర పోగుచేశాడు. తవిటయ్య ఆయన మనిషే.

"పోయిన వారమే ఎంచాం. మిగతా దేశాలన్నీ సాఫీగా అయిపోయాయి. కెనడా దగ్గర గొడవ వచ్చింది. మూడు మిగిలాయి. వాళ్ళ పార్లమెంటు బొమ్మ ఉన్నది ఒకటి, పక్షులూ జంతువులూ చెక్కిన దుంగ స్తంభం ఉన్నది ఒకటి, పడవ ఉన్నది ఒకటి. పడవది పంతొమ్మిది వందల ముప్ఫై అయిదు నాటిది. వాళ్ళ జార్జి రాజు గద్దెనెక్కి పాతికేళ్ళయిన గుర్తుగా వేశారు. అయినా వెనక రాజూ లేడు, కోటా లేదు. తెల్లవాడు ఒకడు, ఆ నేల మీద ముందు నుంచీ ఉన్నవాడు ఒకడు, ఇద్దరూ కలిసి ఒకే పడవ తోస్తున్నారు. దేశమంటే అదే కదా అన్నాను నేను. మెంబర్లందరూ ఒప్పుకున్నారు, ఒక్క త్రినాథరావుగారు తప్ప. పార్లమెంటే పెట్టాలని అరగంట వాదించారు. ఓడిపోయారు."

"తన డాలరు గెలిస్తే ఆయనకేటి బాధ?"

"అదే నాకూ అర్థం కాలేదు."

ఎంచిన డాలరుని డబ్బీలోంచి తీసి, ముందూ వెనకా అంచూ పెద్ద ఫొటోలు తీసి గోడలకి అంటించాలి. ఫొటోల వేళ ఇవాళ మధ్యాహ్నం రెండున్నర. పన్నెండింటికి అనూరాధ చూసినప్పుడు డాలరు దాని గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో బిగుతుగా ఉంది. రెండున్నరకి డబ్బీ చేత్తో ఎత్తితే లోపల గలగలలాడింది. దొంగ డాలరు.

గదిలోకి వెళ్ళాను. ఒకటే తలుపు. రెండు కిటికీలు, రెంటికీ ఊచలు. నడుమ అద్దాల బల్ల. దాని తాళం ఎవరూ పగలగొట్టలేదు, గీత కూడా లేదు. ఉన్నవి రెండు తాళంచెవులు, త్రినాథరావుగారి దగ్గరొకటి, తవిటయ్య గుత్తిలో ఒకటి. తలుపు మీద కెమెరా. ఒంటిగంటా పద్దెనిమిదికి కరెంటు పోయింది, నలభై ఒకటికి వచ్చింది. ఆ ఇరవై మూడు నిమిషాలూ కెమెరాకి కళ్ళు లేవు.

తవిటయ్య మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా, నడుముకి తాళాల గుత్తి. నన్ను చూసి లేవబోతే, కిటికీ దగ్గర నిలబడ్డ కుర్రాయన "కూర్చో" అన్నాడు. ప్రదర్శన ఏర్పాట్లు చూడమని ఇన్సూరెన్సు వాళ్ళు పంపిన మనిషి, పేరు సందీప్. విజయవాడ నుంచి పొద్దున్న బండికి వచ్చాడు. ఇస్త్రీ నలగలేదు.

"ఈవిడెవరండీ?" అన్నాడు అనూరాధతో.

"తాయారమ్మగారు. నేను పిలిపించాను."

"మామ్మగారూ, కుర్చీ వేయిస్తాను, కూర్చోండి. కేసు అయిపోయిందండీ. మీకు శ్రమ ఎందుకు?"

"అయిపోయిన కేసుకి సి.ఐ. గారెందుకు నాయనా?"

"తీసుకెళ్ళడానికి."

కిటికీ పక్కన కుర్చీలో త్రినాథరావుగారు. అరవై ఎనిమిదేళ్ళుంటాయి. తెల్ల చొక్కా, బంగారు ఫ్రేము కళ్ళజోడు. నాకేసి చూసి తలాడించాడు. నన్ను గుర్తుపట్టలేదు. స్టేషన్లో మూల నిలబడే ఆడమనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు. నేను మాత్రం మరిచిపోలేదు, లాంచీల గొడవల మీద ఆయన స్టేషన్‌కి వచ్చినప్పుడల్లా నోరు ఎర్రగా ఉండేది. ఇప్పటికీ పళ్ళకి ఆ గార ఉంది. పెదాలు మాత్రం ఇవాళ తెల్లగా ఉన్నాయి.

డాలరు చేతిలోకి తీసుకున్నాను. పడవ. అందులో ఇద్దరు మనుషులు, మధ్యలో సరుకు మూటలు, వెనక చిన్న లంకా దాని మీద చెట్లూ. ఈ బొమ్మ నేనెప్పుడూ చూడలేదు, కానీ దీని మాట ఎక్కడో విన్నాను. ఎక్కడ? నా బుర్ర అలా మొరాయించడం అరుదు. మా ఇంట్లో ఎవరి పుట్టువెంట్రుకలు ఏ వారం తీయించామో కూడా నేను చెప్పగలను.

అక్షరాల సందుల్లో ఏదో పచ్చగా కనిపించింది. చీర కొంగుతో తుడవబోయాను.

"తుడవకండి." అనూరాధ నా మణికట్టు పట్టేసుకుంది. వెంటనే సిగ్గుపడింది. "దొంగదే అనుకోండి. అలవాటు. నాణెం తుడిస్తే దాని మీది కాలం పోతుంది. త్రినాథరావుగారు సంఘంలో చేరిన మొదటిరోజే అందరి చేతా ఒట్టు వేయించుకుంటారు, ఏది అంటినా తుడవం, కడగం అని."

"మంచి ఒట్టు," అన్నాను. రవికకున్న పిన్నీసు తీసి, ఆ పచ్చటిది గోటి మీదికి గీకి వాసన చూశాను. పసుపు.

బల్ల చివర మన దేశపు అరలో పాత జార్జి రాజు రూపాయలు ఉన్నాయి. పక్కన అలంకారానికి ఒక ఇత్తడి త్రాసు.

"అమ్మా, ఆ వాడని రూపాయలు రెండు ఇటివ్వండి."

సందీప్ నవ్వాడు. "నా దగ్గర ఎలక్ట్రానిక్ కాటా ఉందండీ. తూచేశాం. ఇరవై రెండున్నర గ్రాములు. అసలుది ఇరవై మూడు పైన ఉండాలి."

"నాకు గ్రాములు అరగవు బాబూ. ఒక రూపాయి ఒక తులం. మీ అసలు డాలరు సరిగ్గా రెండు తులాలు ఉంటాదేమో కనుక్కోండి."

అతను ఫోనులో లెక్క వేసుకుని నాకేసి చూశాడు. ఈసారి నవ్వలేదు. నేను ఒక తట్టలో రెండు రూపాయలు, ఇంకో తట్టలో ఈ డాలరు పెట్టాను. రూపాయల వైపు తట్ట దిగింది.

"ఇది అచ్చు కొట్టింది కాదు, పోత పోసింది," అన్నాను. "అసలుదాన్ని మట్టిలో నొక్కి, ఆ గుంటలో వెండి పోస్తే, ఆరినాక కాస్త కుంచించుకుపోతాది. అందుకే తూకం తగ్గింది, డబ్బీలో గలగలలాడింది. మిషను పని కాదిది. చేత్తో పోసిన కంసాలి పని. పైగా పని పూర్తయినాక పసుపు రాసి అమ్మోరి ముందర పెట్టి గాని వస్తువు ఇవ్వని పాతకాలపు కంసాలి. అలాటోళ్ళు కురుపాం మార్కెట్లో ఒకరో ఇద్దరో మిగిలినారు. ఒక్క ఫోను కొడితే తెలుస్తాది."

నాకు నోరు ఆగదు. మా ఆయన బతికున్నంత కాలం అదే అనేవాడు, నీ నోటికి తాళం చేయించాలే అని. ఆ మాటలు నేను ఎవరి ముందు అన్నానో, ఎంత తప్పు చేశానో, అప్పటికి నాకు తెలియదు.

త్రినాథరావుగారు కుర్చీలోంచి లేచి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"నేనే వెళ్ళి సి.ఐ. గారిని తీసుకొస్తాను. తవిటయ్యని చూస్తూ ఇక్కడ కూర్చోలేకపోతన్నాను. ఇంట్లో మనిషిలా చూసుకున్నాను వీడిని."

"ఒక్క మాట బాబూ," అన్నాను. "కరెంటు పోయినప్పుడు తవిటయ్యని మీరు ఎక్కడికైనా పంపినారా?"

"లేదు. కింద భోంచేస్తున్నాను. సందీప్‌గారు పక్కనే ఉన్నారు."

తవిటయ్య తల ఇంకా కిందికి దిగింది. త్రినాథరావుగారు వెళ్ళిపోయాడు. గోడ గడియారం మూడూ ఇరవై ఏడు.

నేను స్టూలు లాక్కుని తవిటయ్య ఎదురుగా కూర్చున్నాను.

"ఏ ఊరు నీది?"

"రాజాం దగ్గరమ్మా."

"ఒంటిగంటా ఇరవైకి నువ్వు కిందికి దిగడం, నలభైకి ఎక్కడం కింద జిరాక్సు కొట్టోడు సూసినాడంట. ఆ ఇరవై నిమిసాలు ఎక్కడున్నావు?"

తవిటయ్య గుత్తిలోని తాళంచెవులు ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇదేనండీ వరస," అన్నాడు సందీప్. "గంట నుంచి అడుగుతున్నా. కరెంటు పోగానే తన తాళంచెవితో తీశాడు, మార్చాడు, అసలుది బయట ఎవరికో ఇచ్చొచ్చాడు. ఏ డాలరు బాగుందని మేడమ్‌గారు మొన్న సరదాకి అడిగితే, పడవదే బాగుందన్నాడట కూడా."

"పడవ బాగుందంటే దొంగయిపోతాడేటి? అలాగైతే జాలరిపేట మొత్తం లోపలెయ్యాల."

"మరి నోరు ఎందుకు విప్పడండీ?"

అది మాత్రం సరైన ప్రశ్నే. నేను తవిటయ్య చొక్కా జేబు చూస్తున్నాను. ఖాకీ గుడ్డ మీద అడుగున ఎర్రటి తడి మరక, రూపాయి బిళ్ళంత. నెత్తురు కాదు, అంచు నల్లగా మారుతోంది.

"తవిటయ్యా, నోరు తెరు."

"ఏటమ్మా?"

"తెరు. మూడుపదుల పైన ఆడోళ్ళ నోళ్ళలో దాసిన ఉంగరాలు తీసినాను. నీ నోరొక లెక్కా."

తెరిచాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి అంత తెల్లటి పళ్ళు నేను చూడలేదు. వేపపుల్ల పళ్ళు. గార అన్నది లేదు.

జేబులో చెయ్యి పెట్టి పొట్లం తీశాను. కాగితం తడిసిపోయింది. లోపల రెండు కిళ్ళీలు, లవంగం గుచ్చి ఉన్నవి. ఒకటి విప్పి చూశాను. వక్క ఉంది, కాచు ఉంది. సున్నం లేదు.

"జన్మలో కిళ్ళీ వెయ్యనోడివి, దొంగతనం నడిమిన ఆగి, సున్నం లేకుండా రెండు కిళ్ళీలు కట్టించుకున్నావు. ఎవులికిరా?"

అతను జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అనూరాధ గోడకి ఆనుకుంది. "సున్నం లేకుండా… త్రినాథరావుగారి నోరు పొక్కింది. నెల నుంచి సున్నం మానేశారు."

"అంటే ఏంటండీ?" సందీప్ ముందుకొచ్చాడు. "ఆయన పంపలేదన్నారు. ఆయన నా పక్కనే కూర్చుని తిన్నారు. విస్తరి వేసినప్పటి నుంచీ లేచేదాకా."

"మధ్యలో లెగలేదా?"

"లేదు." ఆగాడు. "అంటే, ఫోను వచ్చిందని మెట్ల వైపు లేచి వెళ్ళారు, అంతలోనే కరెంటు పోయింది, జనరేటరు వేయిస్తానని అటునుంచటే వెళ్ళారు. ఆరేడు నిమిషాలు. పని చేయట్లేదని వచ్చేశారు."

"ఎంగిలి చేత్తో ఎల్లినాడా?"

"కడుక్కునే వెళ్ళారు. మళ్ళీ వచ్చి పెరుగన్నం తిన్నారు."

నేను లేచి నిలబడ్డాను. మోకాళ్ళు గుర్తుకు రాలేదు.

"నువ్వు కుర్రోడివి, నీకు తెలవదు బాబూ. ఆ వయసు మనిషి, నిష్టున్న ఇంట్లో పుట్టినోడు, విస్తట్లోంచి లేచి చెయ్యి కడిగినాక మళ్ళీ అదే విస్తట్లో కూకోడు. కూకున్నాడంటే, తిన్నంతసేపూ నీ పక్కనే ఉన్నానని నీ చేత అనిపించుకోడానికి కూకున్నాడు. నువ్వు అన్నావు కూడా. ఇందాకే అన్నావు."

సందీప్ మొహం ఎర్రబడింది. కానీ మొండివాడు.

"సరేనండీ, ఆరు నిమిషాలు లేచారు. కరెంటు పోతుందని ఆయనకి ముందే ఎలా తెలుసు? వీధి మొత్తం పోయిందిగా."

"పోయిందని ఎవులు సెప్పినారు?"

"త్రినాథరావుగారు…" అని ఆపేశాడు.

అప్పుడు తవిటయ్య నోరు విప్పాడు. నాకు కాదు, నేలకి చెప్పుకుంటున్నట్టు.

"కిళ్ళీ కొట్టులో పంకా తిరుగుతన్నాదమ్మా. కూల్‌డ్రింకుల పెట్టి ఆడుతన్నాది. మన మేడకే పోయిందేటి అనుకున్నాను. మెయిను స్విచ్చి మెట్ల కింద ఉంటాది."

"నిన్ను పంపింది ఎవులు?"

"నానేటి సెప్పీది అమ్మా. ఆయన ఉప్పు తిన్నాను. మా పిల్ల యశస్వినికి నర్సు సదువు సెప్పించినాడు. పంపనేదని ఆయన నోటితో ఆయనే అన్నాక, పంపినావు బాబూ అని నానెలాగంటాను? మరిసిపోయుంటాడు అనుకున్నాను. గంట నుంచి అదే అనుకుంటన్నాను. మరిసిపోయుంటాడు, గుర్తొస్తాది, వొచ్చి సెప్తాడని." చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. "లైటు పోతానే పై మెట్టు కాడికొచ్చి, తవిటయ్యా రెండు కట్టించుకు రా, తలుపు నాను సూసుకుంటాను అన్నాడు. వొచ్చి ఇస్తే, తరవాత లే అన్నాడు."

మూడూ నలభై. సందీప్ కుర్చీలో కూలబడ్డాడు.

"కానీ ఎందుకండీ? తన డాలరు తనే దొంగిలించుకుంటాడా? ఇన్సూరెన్సు కోసం అనుకుందామంటే, మొత్తం సేకరణలో చౌకది ఇదే. నేను రేట్లు చూశాను."

"ఎందుకో నాకూ తెలవదు. దొంగ చెయ్యి ఎవరిదో తెలుసు," అన్నాను. "ఈ డాలరు మీద పసుపు సూడు. మన తవిటయ్యే తెచ్చుంటే ఏటి సేసేవోడు? పచ్చగా ఉంటే దొరికిపోతామని సింతపండేసి తోమి, గుడ్డ పెట్టి తళతళలాడించి పెట్టేవోడు. నానూ అదే సేద్దును. నువ్వూ అదే. లోకంలో ఒక్క రకం మనిషే, చేతిలో నాణెం పెట్టినాక దాన్ని తుడవలేడు. ముప్ఫై ఏళ్ళు తుడవకూడదని ఊరందరికీ ఒట్టేయించినోడు."

అనూరాధ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫోను తీశాను. కురుపాం మార్కెట్లో పసుపు రాసి ఇచ్చే కంసాలులు ఇద్దరో ఒకరో అన్నానే గాని, నిజానికి మట్టి అచ్చులో పోసేవాడు గోపి ఒక్కడే. వాళ్ళ నాన్న చేతి కడియాలే ఇప్పటికీ నా కాళ్ళకున్నవి. మేడ మీద చిన్న కొట్టు, పైకి వెళ్ళడానికి ఇరుకు మెట్లు.

"గోపీ, నాను తాయారప్పని."

"సెప్పప్పా. ఏటి, మనవరాలికి పట్టీలా?"

"పడవ బొమ్మ బిళ్ళ పోసినావా ఈ వారం?"

"పోసినాను. ఇయ్యాల పన్నెండుకి ముందరే ఇచ్చేసినాను. త్రినాథరావు బాబుది. సోమారం అసలుది తెచ్చి, దగ్గర కూకుని అచ్చు తీయించుకుని, మళ్ళీ అసలుది ఒట్టుకెల్లిపోనాడు. పోటోలకి దీన్నెడతాను, అసలుది జాగర్తగా ఉంటాదన్నాడు. అందులో తప్పేటున్నాది?"

ఫోను స్పీకరు మీద పెట్టాను. సందీప్ లేచి దగ్గరికొచ్చాడు.

"తప్పేటీ లేదు. అసలుదాని మీద ఏదైనా మచ్చ ఉందా గోపీ?"

"ఉన్నాది. అంచు మీద, రాజు కిరీటం పైన. తాడు దూర్చీ కొలికి అతికించి పీకేసిన మచ్చ. డబ్బీలో ఉంటే అంచు కనపడదు గానీ, బయటికి తీస్తే అగుపిస్తాది. అది పోతలో రాకుండా సాపు సెయ్యమన్నాడు. సేసినాను." నవ్వాడు. "తమాసా ఏటంటే అప్పా, ఆ అతుకు మా నాన్నదే. మూడు సుక్కలేసి అతికీది మా నాన్నొక్కడే. ఆ మాటే బాబుతో అన్నాను కూడా. మొలతాడుకి కట్టుకోడానికి జాలరోళ్ళు సేయించుకునీవోరు, ఇది మీకెలాగొచ్చింది బాబూ అని. ఏటీ అన్నేదు."

మొలతాడు.

ఆ ఒక్క మాటతో నా బుర్రలో తలుపు తెరుచుకుంది. ముప్ఫై ఏళ్ళ కిందటి మంగళవారం. జాలరిపేట ఒడ్డున ఇసకలో పోలయ్య శవం. త్రినాథరావు లాంచీ మీద సరుకులు మోసి ఓడలకి ఎక్కించేవాడు పోలయ్య. ఓడకీ లాంచీకీ నడుమ పడిపోయిన పరదేశపు నావికుణ్ణి దూకి పైకి లాగితే, ఆ నావికుడు గుండెల జేబులోంచి తీసి ఒక వెండి బిళ్ళ చేతిలో పెట్టాడట. పోలయ్య దాన్ని మొలతాడుకి కట్టుకు తిరిగేవాడు. శవం దగ్గర అతని పెళ్ళాన్ని, పేరు ముసలమ్మ, నేనే పట్టుకుని ఉన్నాను. ఏడుస్తూనే ఒకటే అడిగింది.

'మొలతాడేదమ్మా? బతికుండగా ఏ మగోడు మొలతాడు తీస్తాడు? దానికి బిళ్ళుండాల. బిళ్ళ మీద పడవుండాల, ఇద్దరు తోస్తుంటారు.'

సముద్రం లాగేసుకుందిలే అన్నాడు అప్పటి ఎస్సై. కాగితం మీద అది రాయలేదు. నీళ్ళలో కాలు జారి పోయాడని రాసి మూసేశారు. లాంచీలో దొంగ సరుకు ఏదో చూశాడని, నోరు మూసుకోనన్నాడని, పేటలో నాలుగు రోజులు గుసగుసలాడుకుని ఊరుకున్నారు. ముసలమ్మ ఇప్పటికీ పేటలోనే ఉంది, రోజూ చేపల గంప ఎత్తుకుంటుంది. ఆ బిళ్ళ ఫొటో రేపు ఇంతింత చేసి గోడలకి అంటిస్తే, అంచు మీద మూడు చుక్కలతో, అది చూసేవాళ్ళలో ఆవిడ ఉండదని ఎవరు చెప్పగలరు.

చౌక డాలరే. దాని వెనక ఒక మనిషి చావు ఉంది. అంత చేసినవాడు దాన్ని సముద్రంలోకి విసరలేకపోయాడు. సేకరించేవాడికి మొదటి నాణెం మీద అంత మమకారం.

"గోపీ," అన్నాను. "ఆ అతుకు మీ నాన్నదని త్రినాథరావుతో అన్నావా? నీ నోటితో?"

"అన్నానప్పా. ఏటైంది?"

"కొట్టుకి తాళమేసి కిందికి దిగిపో. మనుసులున్న కాడికి ఎల్లు. ఇప్పుడే."

"ఇప్పుడెలాగప్పా, కుంపట్లో వెండుంది. ఉండు, ఎవులో మెట్లెక్కుతన్నారు." ఫోను పక్కన పెట్టిన చప్పుడు. దూరంగా గోపి మాట. "ఓ, తమరా. రండి బాబూ, నూరేళ్ళు మీకు, ఇప్పుడే మీ మాటే…"

తరవాత తలుపు మూసిన చప్పుడు. గడియ పడింది. ఇనప గడియ, నెమ్మదిగా, చివరిదాకా.

ఫోను ఆగిపోయింది.

మూడూ యాభై రెండు. మూడూ ఇరవై ఏడుకి ఇక్కణ్ణించి లేచాడు. కురుపాం మార్కెట్‌కి నడిస్తే పది నిమిషాలు. మిగతా పావుగంట ఎక్కడ ఆగాడు, ఏం తెచ్చుకున్నాడు. కంసాలి ఎక్కడుంటాడో, ఒక్క ఫోనుతో నాకు తెలిసిపోతుందని నేనే చెప్పాను. ఆయన మొహం మీదే చెప్పాను.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. సి.ఐ. గారు, వెనక ఒక కానిస్టేబులు, చేతిలో బేడీలు. ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని నేను వాళ్ళ వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

"త్రినాథరావుగారు మీ దగ్గరికే కదా వచ్చింది?" అన్నాడు సందీప్.

"లేదే. నాకు కనబడలేదు." సి.ఐ. గారు స్టూలు వైపు చూశారు. "ఇతనేనా?"

"కాదండీ," అన్నాడు సందీప్. ఆ మాట గట్టిగానే అన్నాడు. "నేను పొరబడ్డాను. కురుపాం మార్కెట్లో ఒక కంసాలి ప్రాణం మీదికొచ్చింది. జీపు కింద ఉందా?"

తవిటయ్య అప్పటికే లేచాడు. నడుముకున్న తాళాల గుత్తి విప్పి, అద్దాల బల్ల మీద, ఆ దొంగ డాలరు పక్కన పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అది దిగని నడుము అది.

"గోపాచారి కొట్టుకి ఎనక నుంచి ఇంకో మెట్లున్నాయి సారూ," అన్నాడు. "ఆయన నగలకి ఎప్పుడూ నానే తిరిగినాను. తలుపు ఇరగ్గొట్టక్కర్నేదు. నాను ముందరెల్తాను, మీరు నా ఎనకాల రండి."

బేడీల కోసం పిలిచిన మనిషి వెనకాల మేమందరం పరిగెత్తాం.